నడిమి స్పీకర్

ఆదివారం

హోమ్ థియేటర్ కొందామని లక్ష్మిని వెంటబెట్టుకొని బాన్సువాడ వెళ్లాను. నా మనసంతా గోడలు అదిరేలా స్పీకర్లను మోగించే పెద్ద రిసీవర్ మీదే ఉంది. షాపతను వినిపించే సినిమా బాంబుల మోతకు విసుగొచ్చి, ఇంటి నుంచి తెచ్చిన మా పెళ్లి వీడియో పెట్టమన్నాను.

తెర మీద మా అక్కలు గడప దగ్గర లక్ష్మిని ఆపి, మొగుడి పేరు చెప్పమంటున్నారు. మా అవ్వ ఏదో అంది. నేను నవ్వాను. లక్ష్మి నా ముఖం చూసి, ఆ తర్వాత నవ్వింది.

"అవ్వ ఏమన్నదే?" ఊరికే అడిగాను.

"ఏమో, బ్యాండు చప్పుడుకు ఎన్నడు ఇనవడలే."

నాకు మాత్రం ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

షాపతను ఒక చిన్న రిసీవర్ కలిపాడు. "అన్నా, గిది చౌక. గాని మాటలొచ్చే నడిమి స్పీకర్ ఒక్కటే పెంచుకోవచ్చు," అంటూ వీడియో వెనక్కి తిప్పి, దాన్ని పెంచాడు.

"పేరు చెప్పకుంటే పిల్లగాడు లోపలికి, నువ్వు బర్రెల కొట్టంల పండు!" అంది అవ్వ.

లక్ష్మి పకపకా నవ్వింది. నాకంటే ముందు.

చిన్నదే కొన్నాను. డబ్బా ఒళ్లో పెట్టుకొని ఆమె బండి వెనక కూర్చుంది. నేను ఎప్పటిలాగే కబుర్లు చెబుతున్నాను, ఆమె ఎప్పటిలాగే "ఊఁ" అంటోంది. ఇన్నేళ్ల ఊఁలలో నిజంగా విని అన్నవి ఎన్నో...

చెవుల డాక్టర్ మాట ఎలా ఎత్తాలో తెలియలేదు. బీర్కూర్ మలుపులో బండి ఆపి, ఆమె వైపు తిరిగి, చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను.