ఉయ్యాలల్లో ఎవరి పిల్లలు?

1968 ఆగస్టు, గురువారం

ఈరోజు మా జూట్ మిల్లుకు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చారు. చట్టం ప్రకారం ఆడకూలీల పిల్లల కోసం ఉండాల్సిన గదిలో నిన్నటిదాకా గోనె బస్తాలే. ఈరోజు కొత్త ఉయ్యాలలు, వాటిలో పౌడరు రాసి దిష్టిచుక్క పెట్టిన పిల్లలు! వెల్ఫేరు ఆఫీసరును, నాకే తెలియదు. ఒక్కరి జుట్టులోనూ జనపనార నలుసు లేదు. తల్లి ఒంటి నార బిడ్డకు అంటకుండా ఉంటుందా? అనుమానం వచ్చి, దారం మెషిను దగ్గరున్న అప్పలమ్మను అడిగాను.

"మా బిడ్డలు కారు బాబూ. మా పిల్లలు గేటు బయట సెట్టుకాడ వానలో ఉన్నారు. ఈల్లెవులో మాకేటి తెలుసు?"

ఇన్‌స్పెక్టరు వస్తారని మేనేజరుకు ఎవరు చెప్పారు? ఆయన నాకెందుకు చెప్పలేదు? ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటుంటే మేనేజరు నా భుజం మీద చెయ్యేసి, "అంతా మా వెల్ఫేరు ఆఫీసరు చలవేనండీ" అన్నాడు.

రేపు గుట్టు బయటపడితే ఎవరి పేరు చెప్పాలో, ఈరోజే చెప్పి ఉంచాడు.