మీ రేవు ముందున్న ఓడ

గురువారం

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య ఆశీస్సులు. బావగారికి నమస్కారాలు, మీ అత్తగారికి పాదాభివందనాలు, చంటిదానికి ముద్దులు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తానని రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం అందింది. రేవు మూతపడిందనీ, బావగారి మోటార్ల షాపుకి ఒక్క పడవా రావడం లేదనీ, మీ అత్తగారి ఇన్సులిన్ అడుగంటిందనీ రాశావు. బూడిదరంగు ఓడ ఒకటి రేవు ముందు అటూ ఇటూ తిరుగుతూ ఏ పడవనూ రానివ్వడం లేదన్నావు. నీకు ఓడల సంగతి తెలుసు కదా అన్నయ్యా, అది ఎప్పుడు పోతుందని అడిగావు.

తల్లీ, ఆ ఓడ మేం కట్టిందే.

మీ పొరుగు దేశం నౌకాదళం మా ఓడల యార్డుకి నాలుగు కార్వెట్లు ఆర్డరిచ్చిందని నేనే గొప్పగా రాశాను. అంటే ఏమిటని మీ అత్తగారు ఫోన్లో అడిగితే, చిన్న యుద్ధనౌకలండీ, దొంగరవాణా వాళ్లని పట్టుకోవడానికి అని చెప్పాను. మరి అందులో నువ్వేం బిగిస్తావు అబ్బాయ్, కిటికీలా అని ఆవిడ ఆటపట్టించారు. నాకు రోషం వచ్చింది. గేర్లండీ, నేను బిగించకపోతే ఓడ అంగుళం కదలదని డబ్బా కొట్టుకున్నాను. ఆ గేర్లే ఇప్పుడు ఆవిడ మందుకి అడ్డం పడ్డాయి.

ఇక్కడ నాలుగో ఓడ పని నడుస్తోంది. మా ఫోర్‌మన్‌ని కదిపితే, కత్తి చేసిన కమ్మరిని ఎవరైనా జైల్లో పెడతారా అన్నాడు. మాట బాగానే ఉంది. కానీ ఆయన చెల్లెలు ఆ కత్తి ముందు లేదు కదా.

నాకు సిగ్గుగా ఉంది. బావగారు ఎన్ని తిట్టినా పడతాను, నా తరఫున నువ్వేమీ సర్దిచెప్పకు. కొండ దారిన లారీలు వస్తున్నాయట, పెద్దాసుపత్రిలో మందు కోసం అడగమను. కరెంటు లేకపోతే ఇన్సులిన్‌ని తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టు.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని
అన్నయ్య

తా.క.: యార్డు నుంచి రాస్తున్నట్టు రాశాను. అది అబద్ధం. కొత్త ఓడ అమ్మితే, ఏదైనా చెడినప్పుడు బాగుచేయడానికి మొదటి ఏడాది యార్డు మనిషి ఒకడు దాంతోపాటే ఉంటాడు. గ్యారంటీ మనిషి అంటారు. నేను మీ రేవు ముందున్న ఈ ఓడలోనే ఉన్నాను. యార్డుకి వచ్చిన నీ ఉత్తరం సామాన్ల పడవలో ఆదివారం నాకు చేరింది. సోమవారం గేర్‌బాక్స్ మూలగడం మొదలుపెట్టింది. బాగుపడకపోతే సాయంత్రానికి ఓడని ఇంటిదారి పట్టిస్తానని కెప్టెన్ అన్నాడు. పైకెళితే మీ రేవు కనిపిస్తూనే ఉంది, తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా లేదు. నేను బిగించిన గేరు అలా ఏడుస్తుంటే చెయ్యి ఊరుకోలేదమ్మా. బేరింగ్ మార్చేశాను. చప్పుడు ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.