వేలు అడ్డొచ్చిన ఫోటో

చి. పాపకు,
అమ్మ పోయాక నేను సరిగా తినడం లేదని నీ బెంగ. వేళకే తింటున్నాను, ఒళ్లు కులాసాగానే ఉంది.

నువ్వు పంపిన అమ్మ ఫోటో అందింది. మీ మామయ్య తీశాడని చూడగానే తెలిసింది. ఫ్రేము వంకర, ఒక మూల వాడి వేలు అడ్డం. నేరం జరిగిన చోట ఫోటోలు ఎలా తీయకూడదో చూపడానికి నిన్న నేను పాఠం చెప్పే పోలీసుల క్లాసులో దాన్నే తెర మీద వేశాను. ఎవరిదో చెప్పలేదు. అందరూ తప్పులు చకచకా పట్టేశారు. చివర్లో ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ లేచింది.

"అన్నీ తప్పులే సార్. కానీ ఆవిడ ఎంత హాయిగా నవ్వుతోందో చూడండి! తీసినాయనంటే బాగా ఇష్టం కాబోలు."

"కూర్చోమ్మా, అది సిలబస్‌లో లేదు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. నేను తీసిన ఏ ఫోటోలోనూ మీ అమ్మ అలా నవ్వలేదు. గడ్డం ఎత్తు, కదలకు అంటూ వెలుతురు సరిచూసుకునేవాణ్ణి. "మీరు రోజూ తీసే శవాల్లో నేనూ ఒకదాన్నా, కదలకుండా ఉండటానికి?" అనేది.

వంటింటి కుళాయి బాగు చేయించావా? నీ దగ్గరున్న అమ్మ కళ్లజోడు ఎవరికీ ఇవ్వకు. అల్లుడికీ చిన్నదానికీ నా ఆశీస్సులు.

ఆ ఫోటో తీసేటప్పుడు మామయ్య ఏమని అమ్మను నవ్వించాడో మాటల్లో పెట్టి కనుక్కుని రాయి. నేను అడిగానని మాత్రం వాడితో అనకు.

నాన్న