మూడు వాటాల ఇప్పచెట్లు

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ముందు పెట్టడానికి ఇప్పపూలు లేవు.

నువ్వుండగా, రాలే పూలు ఆకుల్లో కలవకూడదని ఇంటిల్లిపాదీ చెట్ల కింద ఊడ్చేవాళ్లం. నువ్వు పోయాక ఒక్క పొయ్యి మూడైంది. చెట్లూ పంచుకున్నాం. పిల్లలు హాస్టల్లో ఉన్నారు, నేనొక్కదాన్నే మిగిలాను.

"ఒక్కదానివి ఎంతని ఊడుస్తవ్? ఆకులకు అగ్గి పెట్టు, జల్దీ అయితది," అన్నాడు నీ కొడుకు, సారపాక కాగితం మిల్లు డ్యూటీకి పోతూ.

పెట్టాను. ఈ ఏడు చలికాలంలో చినుకు లేదు, మంచూ లేదు. ఆకులు అప్పడాల్లా ఎండి ఉన్నాయి. మంట గుట్టెక్కింది. మూడు వాటాల చెట్లూ కాలిపోయాయి.

"అగ్గి ఎవరు పెట్టిండ్రు?" అని పెద్దబావ అడిగితే ముగ్గురు కోడళ్లం తల దించుకున్నాం. ఎవరి వాటా చెట్ల కింద వాళ్లం, ముగ్గురమూ పెట్టినవాళ్లమే.

నువ్వు కట్టిన చీపురు నా వాటాకొచ్చింది. తలుపు వెనకే ఉంది. ఒక్క పుల్లా అరగలేదు.