గడి తలుపు వెడల్పు

హైదరాబాద్,
20 ఫిబ్రవరి 1949.

అమ్మకు ఐలేశం దండాలు. నేను కులాసా. కొత్తకోటలో నువ్వు, చెల్లె అండాలు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

ఇల్లు కట్టుడు గూడ కాలేజీల చెప్తరా అని అండాలుతో రాయించావు. చెప్తారమ్మా. గాలి ఎటు నుంచి రావాలి, గోడ ఎంత మందం ఉండాలి, అన్నీ బొమ్మలు గీయించి నేర్పుతాను. పాఠం ఉర్దూలో చెప్పాలి. మొదటి వారం నాలుక తడబడింది, ఇప్పుడు ఫికర్ లేదు. కొలువు ఖాయమైంది.

మన ఊరి సంగతి అడిగావు. పోయిన నెల వెళ్లాను. రజాకార్లు కాల్చిన మన ఇంటికి గోడలు మాత్రం మిగిలాయి. దొర పట్నంలోనే ఉంటున్నాడు. కోటలాంటి తన గడిని బడికి ఇస్తానని కాగితం రాశాడు. దాన్ని బడిగా మార్చే నక్షాను నా విద్యార్థులకు పాఠంగా పెట్టి, పదకొండు మందిని వెంట తీసుకుపోయాను.

మేము కొలతలు తీస్తుంటే గోపమ్మత్త వచ్చి అరుగు మీద కూర్చుంది. గడి మీద మేడ కట్టేటప్పుడు వెట్టికి రాళ్లు మోస్తూ మైసయ్య మామ కాలు బండ కింద నలిగిందని నీకు తెలుసు కదా. ఇంత చక్కని మేడ నక్షా ఎవరు గీశారని ఒక విద్యార్థి అడిగాడు.

ఏడేళ్లుగా నీ దగ్గర దాచిన మాట అదే, అమ్మా. గీసింది నేను. పాలమూరులో నక్షాల పని నేర్చుకునే రోజుల్లో, కాలేజీకి సిఫారసు చీటీ ఇస్తానని దొర నాతో గీయించుకున్నాడు. రాళ్లు మోయడానికి మనవాళ్లనే పట్టుకుపోతారని తెలిసి కూడా గీశాను.

అందరి ముందూ ఆ మాట చెప్పేశాను. అత్త అరుగు మీది నుంచే అడిగింది.

"మీ మామ కాలు నలిగిననాడు నువ్వేడున్నవ్?"

"పట్నంల, అత్తా. కాలేజీల."

ఆమె లేచి వెళ్లిపోయింది. ఇక నాతో మాట్లాడదనుకున్నాను. తెల్లారి మామను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన కర్ర ఊతంతో గడి అంతా తిరిగి, తలుపు దగ్గర ఆగాడు.

"గిది ఇరుకున్నది. పిల్లలు గుంపుగ ఉరుకుతరు, జర ఎడల్పు చెయ్యి. రాళ్లు మోసేటోళ్లకు కూలి ఇప్పియ్యి. ఎవ్వర్నీ పట్కరావద్దు."

అలాగే చేస్తానని మాటిచ్చాను. తాలూకా కచేరీలో కూలికి మంజూరు దొరికింది. ఉగాది దాటాక పని మొదలు. ఇప్పుడు తరగతిలో ఎవరు నక్షా తెచ్చినా, దీనికి రాయి ఎవరు మోస్తారని ముందు అడుగుతున్నాను.

నా మీద కోపం వస్తే రాయించు. రాయించకపోయినా ఎండాకాలం సెలవులకు వస్తాను. నువ్వు తిట్టేవన్నీ ఎదురుగా కూర్చుని వింటాను.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
ఐలేశం