రెండో కోటు

మార్చి 10, సోమ
నీళ్ళ బొమ్మ ఇంత కష్టమని తెలిస్తే ఆ క్లాసు గుమ్మం ఎక్కేవాణ్ణే కాదు. పారే నీళ్ళు ఒక్క బొమ్మ వేసి ఆదివారంలోగా తెమ్మంది డ్రాయింగ్ మేడమ్. నచ్చితే చేర్చుకుంటానంది. నాన్నేమో, చేర్చుకుంటే సరే, లేదంటే సోమవారం నుంచి రోజంతా నాతో గోడలకి రంగులెయ్యాల్సిందే అన్నాడు. బడి ఎటూ మానేశావు, ఇంకా ఈ నీళ్ళాటలేంట్రా అని కూడా అన్నాడు.

మార్చి 11
కాలవ గట్టు మీద కూర్చుని వేశా. వంతెన కింద రాయికి తగిలి నీళ్ళు తెల్లగా లేస్తాయి. నాకు కావాల్సింది అదే. వచ్చింది మాత్రం నీలం దుప్పటి. అక్క చూసి, ఇస్త్రీ కూడా చేశావా ఏంట్రా అంది.

మార్చి 12
మళ్ళీ వేశా. బురద.

మార్చి 13, సాయంత్రం 5:40
మేడమ్‌కి చూపించా. కాగితం బల్ల మీద పెట్టి గోడ వైపు చూస్తూ నిలబడ్డా. తెలుపు ఏదీ అని అడిగింది. తెల్ల రంగు కొనుక్కొచ్చి పైన పూస్తానన్నా. నవ్వింది. వాటర్‌కలర్‌లో తెలుపు పుయ్యరు నాన్నా, వదిలేస్తారు, నురగ ఉన్నచోట కాగితాన్ని ముట్టుకోకు అంది.

ముట్టుకోకుండా ఎలా? చిన్నప్పటినుంచి నాన్న వెనకాల బ్రష్ పట్టుకుని తిరిగినోణ్ణి. గోడ మీద చుక్కంత వదిలినా మొట్టికాయ పడేది. కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా అనేవాడు. ఇప్పుడు తెల్లగా కనపడితే చాలు, చెయ్యి దానంతటదే పోయి పూసేస్తోంది. ఆరాక రెండో కోటు కూడా వేసేస్తోంది. కాగితం నూగు లేచి చిరిగింది. ఈ చేతిని విరగ్గొట్టాలి.

మార్చి 15, శని
వచ్చింది!!! ఒక్క గీత లాగడం, వెంటనే చేతులు వెనక్కి కట్టుకోవడం. మళ్ళీ ఒక్క గీత. రాయి చుట్టూ నీలం పోయింది, మధ్యలో కాగితం అలాగే ఉండిపోయింది. నీళ్ళు పారుతున్నాయి. నిజంగా. అక్క కూడా ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే. కిటికీ దగ్గర ఆరబెట్టా.

మార్చి 16, ఉదయం 7
నాన్న నాకంటే ముందే లేచాడు. మధ్యలో అంతా వదిలేశావేంట్రా, మేడమ్ దగ్గర పరువు పోతుందని నేనే పూసేశా, రెండు కోట్లు అన్నాడు. నా బ్రష్‌తోనే. ఎంత నీట్‌గా వేశాడో, ఎక్కడా చుక్క తెలుపు లేదు. నా మొహంలోకి చూస్తూ నవ్వుతున్నాడు. బాగుంది నాన్నా అన్నా. ఇంకేమంటాను.

అక్క ఊరుకోలేదు. అది నురగ నాన్నా, వారమంతా ఏడ్చి వాడు వదిలింది దాన్నే అని అరిచింది. నాన్న చేతులు కడుక్కోడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. కుళాయి పారుతూనే ఉంది.

సాయంత్రం
క్లాసు గేటు దాకా వెళ్ళా. ఏం చెప్పాలో తెలీక వచ్చేశా.

మార్చి 17
పని. ఎవరిదో హాలు, నీలం. కిటికీ కింద అరచెయ్యంత వదిలేశా. కావాలనే. నాన్న బ్రష్ ముంచుకుని వచ్చాడు. చూశాడు. నిచ్చెన జరుపుకుని అవతలి గోడ మొదలుపెట్టాడు.