అమ్మ బరువు

ఏలూరు,
జూలై 1936

తమ్ముడు దేవరాజుకు,

ఆపరేషన్ అయ్యాక అమ్మ బరువు పెరిగిందని, ధాన్యం కాటా మీద తూచానని సంబరంగా రాశావు. నిన్న మరదలు కొల్లేటికోట నుంచి ఆవిడను మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. పాదం మీద వేలితో నొక్కితే పడ్డ గుంట పూడలేదు. పెరిగింది కండ కాదు, బలమైన తిండి లేక ఒంట్లో చేరిన నీరు. దండచెయ్యి నా గుప్పిట్లో ఇమిడిపోయింది.

రాచపుండు కోసిన ఒంటికి నీసు తగిలితే కుట్లు చీము పడతాయని నీకెవరు చెప్పారు? నర్సునైన అక్కను ఒక్క మాట అడగాలనిపించలేదా? ఇంటినిండా కొర్రమీను చేపలు పెట్టుకుని ఆవిడకు చారు మెతుకులా?

"నేనేం తప్పు చేశానే, అబ్బాయి నాకు కూర వెయ్యనివ్వడు" అని నా చెవిలో అడిగింది.

ఆవిడ పోయాక జ్ఞాపకార్థ కూటం పెట్టి ఊరందరికీ చేపల పులుసు వడ్డిస్తావు. అందులో మొదటి గిన్నె ఇవాళే ఆవిడకు పెట్టు.

నీ అక్క